నార్వే కాసుపై గులాబీ ఛాయ

మిల్టన్ పట్టణంలో వేమవరపు జనార్ధనరావు గారిని ఎరుగని తెలుగువారు ఒకప్పుడు లేరు. ఈ వాక్యంలోని ‘ఒకప్పుడు’ అనే అవ్యయాన్ని తేలికగా దాటిపోకూడదు. ఆయన జీవితంలోని దిగులంతా ఆ ఒక్క పదాన్ని ఆశ్రయించుకొని ఉంది.

లోహశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, 1975లో ఆయన హామిల్టన్‌లోని ఒక ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో చేరేనాటికి, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపినా తెలుగు కుటుంబాలు పదహారు. టెలిఫోన్ పుస్తకంలో ‘రావు’ అన్న పేరు కనబడితే చాలు, ఆ రావు ఏ రాష్ట్రపు రావైనా సరే, ఫోన్ చేసి భోజనానికి పిలిచేవారు. ఎవరి పెరట్లోనైనా గోంగూర మొలిస్తే ఆ వార్త అరవై కిలోమీటర్లు ప్రయాణించేది. కొత్తగా విమానం దిగినవారికి మొదటి చలికోటు ఎవరు కొనిపెట్టాలన్న విషయంలో పెద్దమనుషుల మధ్య పట్టింపులు కూడా వచ్చేవి. ఆ పదహారు కుటుంబాలలో లోహశాస్త్రజ్ఞులు ఆయన ఒక్కరే. అందువల్ల ఎవరింట్లో ప్రెషర్ కుక్కర్ అడుగంటినా ఆయననే సంప్రదించేవారు.

తరువాత కాలం మారింది. మారిందనడం కన్నా పొంగిందనడం సబబు. విద్యార్థులు రావడం మొదలుపెట్టారు. మొదట పదుల్లో, ఆపైన వందల్లో, ఆపైన లెక్కపెట్టేవారు విసిగిపోయేటన్ని సంఖ్యల్లో. కళాశాలలు కూడా అందుకు తగినట్లే వెలిశాయి. పిజ్జా దుకాణం మీద ఒకటి, పళ్ల డాక్టరు గది పక్కన ఒకటి. 2023 సంవత్సరం వచ్చేసరికి పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే, జనార్ధనరావు గారు కిరాణా దుకాణంలో నిలబడి కందిపప్పు ఎక్కడుందోనని తనలో తాను గొణుక్కుంటే, డబ్బు తీసుకునే కుర్రవాడు “మూడో రాక్ అంకుల్” అన్నాడు. తలెత్తనైనా లేదు. పప్పు దొరికింది కాని, ఆ తలెత్తకపోవడం ఆయన గుండెలో ముల్లులా దిగింది.

“మనల్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు సూర్యం,” అన్నారు ఇంటికి రాగానే.

సూర్యకుమారి గారు సంచీ అందుకున్నారు. “డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. మిమ్మల్ని చూసి ఇంకా ఎవరు ఆశ్చర్యపోవాలండీ? ఇదేమిటి, పెసరపప్పు తెచ్చారు?”

ఇంతటి సామాన్యత ఆవరించిన జీవితంలో ఆయనకు మిగిలిన అసామాన్యం ఒక నాణెం. నాణెమనే మాటకూ, నాణ్యమనే మాటకూ ఉన్న చుట్టరికాన్ని పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. చెబితే సగం అర్థశాస్త్రం బోధించే శ్రమ తప్పుతుంది. అది 1910 నాటి నార్వే దేశపు ఇరవై క్రోనర్ల బంగారు నాణెం. ఒక వైపు కిరీటం ధరించిన రాజు ముఖం. రెండవ వైపు, ఆ దేశస్థులు పుణ్యపురుషుడిగా కొలిచే ఒక ప్రాచీన రాజు, చేతిలో గొడ్డలితో నిలబడి ఉంటాడు. బరువు తొమ్మిది గ్రాములకు రవ్వంత తక్కువ. అంటే మన కాసుకు రవ్వంత ఎక్కువ. వెయ్యి పాళ్లలో తొమ్మిది వందల పాళ్లు బంగారం, తక్కిన వంద రాగి.

1983లో కర్మాగారపు మేస్త్రీ సిగర్డ్ అనే నార్వే సంతతివాడు ఉద్యోగం విరమించి, పశ్చిమాన సముద్రపు ఒడ్డుకు తరలిపోతూ సామానంతా అమ్మేశాడు. ఈ నాణేన్ని అతని తాతగారు కోటు అస్తరులో కుట్టుకొని ఓడ దిగారట. సిగర్డ్ దాన్ని వంటింటి తాసులో, భార్య పిండి తూచుకునే పళ్లెంలో వేసి తూచి, బంగారం ధరకే ఇచ్చేశాడు.

ఆనాడు సూర్యకుమారి గారు దాన్ని అరచేతిలో పెట్టుకొని తిప్పి చూశారు.

“ఇరవై రెండు క్యారెట్లైనా కాదా?”

“ఇది నగ కాదు సూర్యం. చరిత్ర.”

“చరిత్రకు క్యారెట్లుండవా? అది సరే, గడ్డం, గొడ్డలి... ఈయన పరశురాముడా?”

“నార్వే పాతరాజు.”

“రాజుకు గొడ్డలెందుకండీ, పాపం. కట్టెలు తనే కొట్టుకునేవాడా?”

నాణేలు సేకరించేవారి లోకం వేరు. బంగారం బరువు వారి లెక్కలో నేలమట్టం మాత్రమే. మేడ అక్కడి నుంచి లేస్తుంది. ఏ సంవత్సరపుది, ఎన్ని ముద్రించారు, అందులో ఎన్ని కరిగిపోగా ఎన్ని మిగిలాయి, మిగిలినదాని చర్మం ఎలా ఉంది అన్నవి వారి ప్రశ్నలు. మార్కులు వందకు వేయరు, డెబ్బైకి వేస్తారు. ఒక మంచి నాణేనికి అరవై నాలుగు వచ్చాయని భర్త పరవశించిపోతుంటే, పదిమందికి ట్యూషన్లు చెప్పిన సూర్యకుమారి గారు, “మిగతా ఆరు ఎక్కడ పోయాయి?” అని అడిగారు. అన్నిటికన్నా పెద్ద నియమం మరొకటుంది. నాణేన్ని కడగకూడదు, తుడవకూడదు, తోమకూడదు. వందేళ్ల మురికిని సైతం సహజమైతే నెత్తిన పెట్టుకుంటారు. శుభ్రం చేశారని తెలిస్తే మాత్రం, తిరిగి నేలమట్టానికి తోసేస్తారు.

జనార్ధనరావు గారు 2001లో ఎటోబికోలోని ఒక నాణేల సంఘంలో సభ్యులయ్యారు. ప్రతి నెలా రెండవ శనివారం ఒక ప్రార్థనామందిరపు హాలులో సమావేశం. ఇరవై రెండేళ్ల పాటు ఆయన అక్కడ చేసిన పనులను కచ్చితంగా చెప్పాలంటే రెండు: కుర్చీలు వేయడం, కాఫీ డ్రమ్ము స్విచ్ వేయడం. ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ సంఘం ప్రదర్శన జరుపుతుంది. హాలు ద్వారానికి ఎదురుగా ఒక గాజుపెట్టె పెడతారు. ఆ ఏడాదికల్లా ఉత్తమమైన ఒకే ఒక్క నాణెం అందులో ఉంటుంది. పక్కన యజమాని పేరు ఉంటుంది. ఆయన ఛాయాచిత్రాన్ని గోడకు తగిలిస్తారు, అది శాశ్వతంగా అక్కడే ఉంటుంది. ఇరవై రెండు ఏప్రిల్‌లు ఆ గాజుపెట్టె చుట్టూ కుర్చీలు వేసిన మనిషి ఏమి కోరుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

ఆయన ఆశకు ఆధారం ఒక రంగు. ప్రతి ఆదివారం ఉదయం ప్లాస్టిక్ డబ్బీలోంచే నాణేన్ని భూతద్దంతో పరిశీలించే ఆయనకు, గొడ్డలి రాజు ముఖం మీదా, గడ్డం మడతల్లోనూ లేత ఎరుపు ఒకటి ఏటికేడు చిక్కబడుతున్నట్లు చాలా ఏళ్ల కిందటే కనిపించింది. లోహశాస్త్రజ్ఞుడు కనుక కారణం వెంటనే తట్టింది. నూటికి పది పాళ్లున్న రాగి మెల్లమెల్లగా పైకి వచ్చి, గాలితో కలిసి ఈ గులాబీ ఛాయను సంతరించుకొంటున్నది! ఈ విషయమై ఇంగ్లీషులో రెండు పుటల వ్యాసం రాశారు. పదకొండు పాదసూచికలు కూడా ఉన్నాయి.

ఆ వ్యాసాన్నీ, నాణేన్నీ ఫిబ్రవరిలో సంఘపు పరీక్షాధికారి ఎడ్విన్ ప్రింగిల్ ముందు పెట్టారు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న ప్రింగిల్ మాటను ఆ హాలులో ఎవరూ కాదనరు. ఆయన నాణేన్ని పదకొండు నిమిషాల పాటు చూశాడు; జనార్ధనరావు గారు గడియారం చూసుకొని మరీ లెక్కపెట్టారు.

“నలభై ఏళ్లలో ఇటువంటి సహజమైన గులాబీ ఛాయను నేను చూడలేదు,” అన్నాడు ప్రింగిల్. బంగారం విలువకు అయిదింతలు పలుకుతుందని కాగితం మీద రాసి, సంతకం చేసి, ఈ ఏప్రిల్‌లో గాజుపెట్టె జనార్ధనరావు గారిదేనని ప్రకటించాడు.

ప్రదర్శన శనివారం. కథకు అడ్డుపడిన గురువారం సాయంత్రం సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో జగిత్యాల నుంచి వచ్చిన సాత్విక అనే అమ్మాయి అద్దెకుంటున్నది. పగలు పిజ్జా దుకాణం మీది కళాశాలలో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదువుతూ, సాయంత్రాలు వాన్ అనే ఊళ్లోని ఒక గోదాములో స్కానర్‌తో పెట్టెల మీద ఎర్రలైటు కొట్టే ఉద్యోగం చేస్తున్నది. సప్లై చైన్ అంటే ఏమిటో కళాశాలలో కన్నా గోదాములోనే ఎక్కువ తెలిసిందని ఆమె అభిప్రాయం. ఆ రోజు సెలవు దొరికి, సూర్యకుమారి గారికి కొత్తిమీర ఇవ్వడానికి పైకి వచ్చింది.

“రా అమ్మా, చూడు. ఇలాంటిది మళ్లీ చూడవు,” అని జనార్ధనరావు గారు భూతద్దం చేతికిచ్చారు.

“మస్తుంది అంకుల్. అమ్మితే ఎంతొస్తది?”

“ముందు విలువంటే ఏమిటో తెలుసుకో. ఎక్కువ ముద్రిస్తే విలువ పడిపోతుంది. చాలావాటిని కరిగించేస్తే మిగిలినవాటికి విలువ వస్తుంది. మేం వచ్చినప్పుడు పదహారు కుటుంబాలం. ఇప్పుడు చూడు.”

“అంటే మా బ్యాచ్‌ని కరిగిస్తే మీకు రేటొస్తదా అంకుల్?”

“నేను నాణేల గురించి చెబుతున్నాను.”

“నేనూ వాటి గురించే అడుగుతున్నా అంకుల్.” ఆ అమ్మాయి ముఖంలో నవ్వు లేదు, కళ్లలో మాత్రం ఉంది.

ఆయన గొంతు సవరించుకొని గులాబీ ఛాయ గురించి, రాగి గురించి, వాయువుల గురించి పాదసూచికలతో సహా వివరించారు. సాత్విక శ్రద్ధగా విని, మరోసారి భూతద్దంలోంచి చూసింది.

“కాపరేంది అంకుల్? ఇది కుంకుమ కదా.”

“ఏమిటి?”

“పోయిన శ్రావణంల వరలక్ష్మీ వ్రతం నాడు ఆంటీ కలశం దగ్గర పెట్టింది ఇదే. గంధం నేనే తీసిన. నుదురు చిన్నగుంది కదా, వేలు పట్టదని ఆంటీ అగ్గిపుల్లతోని బొట్టు పెట్టింది. ఎంత మంచిగ పెట్టిందో!”

జనార్ధనరావు గారు నాణేన్ని బల్లమీద పెట్టి, వంటింట్లోకి నడిచారు. అంత దూరమూ పది అడుగులే. కానీ ఆ పది అడుగుల్లో ఆయన లోహశాస్త్రం యావత్తూ కాళ్లకు అడ్డం పడింది.

“సూర్యం, నా నాణేన్ని పూజలో పెడుతున్నావా?”

“పెట్టక? ఇంట్లో బంగారం ఉండగా వట్టి కలశానికి పూజ చేయమంటారా?” ఆవిడ చారు పోపు మీద నుంచి దృష్టి మరల్చలేదు. “ఆ ఏడు లక్ష్మీదేవి రూపు కొనండీ అంటే, ‘ఉంది కదా కాసు, ఇంకొకటెందుకు’ అన్నది ఎవరు?”

“ఎన్నాళ్లుగా?”

“కొన్న మరుసటి ఏటి నుంచీ. ముప్పై తొమ్మిది శ్రావణాలు. మనమ్మాయి రాధిక పురిటికి కాల్గరీ వెళ్లిన ఏడు కూడా కళ్లజోడు పెట్టెలో పెట్టుకొని తీసుకెళ్లాను.”

“విమానంలోనా!”

“మరి నడిచి వెళ్తానా?”

“ఆ డబ్బీ మూత ఎలా తీశావు?”

“ఆవకాయ జాడీలు తెరిచిన చేతులండీ ఇవి. ఆ ప్లాస్టిక్ డబ్బీ నాకొక లెక్కా?”

“నాకెందుకు చెప్పలేదు?”

అప్పుడు ఆవిడ గరిటె పక్కన పెట్టి ఆయనవైపు తిరిగారు. “దాచిపెట్టి చేశానా? పెద్దగదిలో పీట వేసి, పదిమంది ముత్తయిదువులను పిలిచి చేశాను. మీరు ప్రసాదానికి వస్తారు. పూజకు ఎప్పుడొచ్చారు?”

వారానికొకసారి చొప్పున ముప్పై తొమ్మిదేళ్లలో సుమారు రెండు వేల సార్లు ఆయన ఆ నాణేన్ని భూతద్దంతో చూశారు. ఏడాదికొకసారి జరిగే వ్రతాన్ని మామూలు కళ్లతోనైనా చూడలేదు. పరిశోధకుల జీవితాల్లో ఇటువంటి ఖాళీలు ఉంటాయి, వాటికి పాదసూచికలుండవు.

గదిలోకి వెళ్లి, తలుపు వేసుకొని, డబ్బీ తెరిచారు. దూదిపుల్లను నీళ్లలో ముంచి, గొడ్డలి కిందనున్న ఆవగింజంత ఎరుపును తాకించారు. దూది గులాబీ రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చందనపు వాసన. నార్వేలో చందనం పండదు.

మూత బిగించేశారు. తరువాత ఆయన మనస్సు పని చేసిన తీరు గమనించదగినది. కుంకుమలో ఏముంటుంది? పసుపు, సున్నం. సున్నం ఖనిజమే కదా. ఖనిజం ప్రకృతి ప్రసాదమే కదా. పైగా సూర్యకుమారి ఈ రంగును కావాలని పూయలేదు; భక్తితో బొట్టు పెట్టింది, రంగు దానంతట అదే నిలిచింది. కావాలని చేయనిదాన్ని సహజం అనక మరేమంటారు? చదువుకున్నవాడు తనను తాను మోసగించుకోవడంలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, అందుకు కావలసిన తర్కమంతా ఇంట్లోనే ఉంటుంది.

భోజనాల దగ్గర, “శనివారం నువ్వు రావద్దు సూర్యం. అక్కడ చలి,” అన్నారు.

“ఏప్రిల్‌లో చలేమిటి?”

“ఎటోబికోలో ఉంటుంది.”

ఆకుపచ్చ పట్టుచీర అప్పటికే ఇస్త్రీ చేసి కుర్చీమీద పరచి ఉంది. ఆయన దాన్ని చూశారు. చూడనట్లు లేచి వెళ్లారు.

శుక్రవారం ఉదయం బేస్‌మెంట్ మెట్ల దగ్గర సాత్వికను ఆపారు. “అమ్మా, ఆ సంగతి మన ఇంట్లోనే ఉండనీ.”

“ఏ సంగతి అంకుల్?”

“అదే. కుంకుమ.”

“కుంకుమల తప్పేముంది అంకుల్?” ఆ అమ్మాయి నిజంగానే అడిగింది. ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ, “బస్సు పోతుందేమో చూడు,” అన్నారు.

శనివారం నాడు ఆ హాలులో జనార్ధనరావు గారికి జరిగిన మర్యాదను ఉన్నదున్నట్లు చెప్పాలి. ద్వారానికి ఎదురుగా గాజుపెట్టె, లోపల నల్ల మఖమలు మీద నార్వే కాసు. పక్కన ఆయన పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా. ఇరవై రెండేళ్లలో తొలిసారి ఆ హాలులో మరొకరు కాఫీ కలిపి ఆయన చేతికిచ్చారు. అందులో చక్కెర లేదు. అయినా అంత తియ్యని కాఫీ తాను తాగలేదని ఆయనకు అనిపించింది. తెల్లజుట్టు పెద్దమనుషులు వంగి చూసి, ఆయనవైపు తిరిగి తలలూపుతున్నారు. తలలు ఎత్తి మరీ చూస్తున్నారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ప్రింగిల్ ప్రసంగం మొదలుపెట్టే సమయానికి తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ పట్టుచీర మీద బూడిదరంగు చలికోటు, చేతిలో స్టీలు గిన్నె, వెనుక సాత్విక.

జనార్ధనరావు గారు గబగబా ఎదురు వెళ్లారు. “ఎలా వచ్చావు?”

“సాత్విక వాళ్లు ఆరుగురు కలిసి కొన్నారు చూడండి, ఆ కారులో. ఇవాళ స్టీరింగు దీని వంతట. మీ పేరు మైకులో చదువుతుంటే నేను వినొద్దా? చలి లేదే ఇక్కడ!”

“గిన్నెలో ఏమిటి?”

“పులిహోర. వట్టి చేతులతో వస్తామా నలుగురిలోకి?”

“సారీ అంకుల్,” అంది సాత్విక నెమ్మదిగా. “ఆంటీ పొద్దుగాల నుంచి చీర కట్టుకొని కూర్చుంది. చూడలేకపోయిన.”

ప్రింగిల్ ప్రసంగం ఇంగ్లీషులో సాగింది. అందులో నార్వే తీరంలోని ఒక పల్లె, దేవదారు చెక్కతో చేసిన పెట్టె, సముద్రపు ఉప్పుగాలి, మూడు తరాల నిశ్శబ్దం వచ్చాయి. ఇవన్నీ ప్రింగిల్‌కు ఎవరు చెప్పారో జనార్ధనరావు గారికి తెలియదు. తాను మాత్రం చెప్పలేదు. ఫోటో కోసం గాజుపెట్టె మూత తెరిచి, నాణేన్ని డబ్బీలోంచి తీసి మఖమలు మీద నిలబెట్టారు. ప్రింగిల్ సూర్యకుమారి గారి వైపు తిరిగి, తల వంచి, ఎంతో మర్యాదగా అడిగాడు.

“అమ్మా, ఇంతటి ఛాయ నిలిచిందంటే అది మీ ఇంటివారి సంయమనం వల్లనే. ఇన్నేళ్లలో దీన్ని ఎవరి చేయీ తాకలేదు కదూ?”

హాలంతా ఆవిడను చూస్తున్నది. సూర్యకుమారి గారికి ఇంగ్లీషు బాగానే వచ్చు. ప్రశ్న అర్థమైంది. ప్రశ్న వెనుక ఉన్నదీ, గురువారం నుంచి భర్త ముఖంలో ఉన్నదీ, ఎటోబికోలో లేని చలీ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆవిడ భర్త వైపు తిరిగి, తెలుగులో, ఉప్పు ఎంత వేయమంటారని అడిగినంత మామూలుగా అడిగారు.

“తాకలేదని చెప్పమంటారా? చెబుతాను.”

జనార్ధనరావు గారు గాజుపెట్టెను చూశారు. గోడమీద తన కోసం కొట్టి ఉంచిన కొత్త మేకును చూశారు. ఆవిడ చేతులు చూశారు. పులిహోర కలిపిన పసుపు ఇంకా గోళ్ల అంచుల్లో ఉంది. ముప్పై తొమ్మిది శ్రావణాలు అగ్గిపుల్ల పట్టుకున్న చేయి, ‘అసలు నేను లేను’ అనడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఊ అంటే చాలు.

“తాకింది,” అన్నారు ఆయన ఇంగ్లీషులో, గట్టిగా. “ఏటా తాకింది. ఆ ఎరుపు రాగి కాదు. మా ఆవిడ పూజలో పెట్టిన కుంకుమ.”

ప్రింగిల్ మొదట నవ్వాడు. తరువాత, నవ్వవలసిన విషయం కాదని గ్రహించి, చేతిలోని కాగితాన్ని పైకెత్తాడు. “మీరు పొరబడుతున్నారు. ఇది సహజ ఛాయ. నేను సంతకం చేశాను.”

“నాకు తెలుసు. ఆ తరువాతే నాకు అసలు సంగతి తెలిసింది.”

“మీ వ్యాసంలోనే ఉంది కదా, రాగి పైకి వచ్చి గాలితో కలుస్తుందని? నాలుగో పాదసూచిక చూడండి.”

“ఆ వ్యాసం రాసినవాడు వాళ్లింటి పూజ చూడలేదు,” అన్నారు జనార్ధనరావు గారు.

ఒక మనిషి తన పాండిత్యం తప్పని నిరూపించడానికి ఇంత పాటుపడటం, అవతలివాడు అదే పాండిత్యాన్ని ఉటంకిస్తూ ఆయనను ఖండించడం ఆ సంఘ చరిత్రలో మునుపు జరగలేదు. ఇక మాటలతో పని లేదనుకున్న జనార్ధనరావు గారు జేబురుమాలు తీసి, బల్లమీదున్న నీళ్ల గ్లాసులో కొస తడిపి, నాణేన్ని చేతిలోకి తీసుకున్నారు. ఎవరో “వద్దు!” అని కేక పెట్టారు. పసిపిల్లను కొట్టబోతున్నవాడిని ఆపినట్లుంది ఆ కేక. ఆయన ఆగలేదు. రాజు నుదురు తుడిచారు. గడ్డం తుడిచారు. తెల్ల జేబురుమాలు మీద ఎర్రటి మరక పరుచుకుంది. గొడ్డలి రాజు పసుపుపచ్చగా మెరుస్తూ బయటపడ్డాడు, తలంటు పోసుకున్నవాడిలాగా.

“చూడండి,” అని ఆయన రుమాలు చాచారు.

ప్రింగిల్ రుమాలు చూడలేదు. నాణేన్నే చూశాడు. జేబులోంచి చిన్న కవరు తీసి, నాణేన్ని అందులో వేసి, పైన ఇంగ్లీషులో రెండే మాటలు రాశాడు. వాటిని తెలుగులో చెప్పాలంటే ‘శుభ్రం చేయబడినది’ అనాలి. కర్మణి ప్రయోగం తెలుగుకు అంత సహజం కాదని పెద్దలు చెబుతారు. చేసినవారెవరో, ఎందుకు చేశారో చెప్పకుండా తప్పించుకోవలసి వచ్చినప్పుడు మాత్రం దాన్ని మించిన తెర లేదు. ఎన్నడూ ఎవరూ చూడని అరుదైన గులాబీ ఛాయను ఒక సభ్యుడు అందరి ఎదుటా చెరిపివేశాడని కార్యదర్శి పుస్తకంలో రాసుకున్నాడు. సంతకం చేసిన ధ్రువపత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. దానికి ఆధారమైన రంగు మాత్రం లేదు. గాజుపెట్టెలోకి ఒక పాత రాగి సెంటు నాణేన్ని తెచ్చి పెట్టారు. మేకు అలాగే ఉండిపోయింది.

ముగ్గురూ బయటి వరండాలోకి వచ్చారు. సూర్యకుమారి గారు భర్త చేతిలోని కవరు తీసుకొని, చించి, నాణేన్ని చూసి, “ఏమైనా చెప్పండి, ఇప్పుడు బాగుంది మనిషి,” అన్నారు.

“ఇప్పుడు దీని రేటెంత అంకుల్?” అని అడిగింది సాత్విక.

“బంగారం బరువు. ఏడు వందల చిల్లర డాలర్లు.”

“మంచిగనే ఉంది కదా. మా సెమిస్టరు పుస్తకాలు కూడా రావు గానీ, మంచిగనే ఉంది.”

ఆయనకు నవ్వు వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియలేదు. లోపల ఆ మఖమలు మీద ఉండవలసిన పేరు గురించి బాధ ఉంది. అది ఈ రాత్రికి పెరుగుతుందనీ తెలుసు. అయినా రెండు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బరువు లేచిపోయింది. పులిహోర గిన్నె మూత తీసి, చెంచా కోసం జేబులు వెతుక్కున్నారు.

వెనుక అడుగుల చప్పుడైంది. లోపల మూడో బల్ల దగ్గర పాత బంగారు నాణేలు అమ్మే వ్యాపారి, బట్టతల మనిషి, అటూ ఇటూ చూసుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“అడిగినందుకు ఏమీ అనుకోకండి,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ ఎర్ర పొడి... అది ఎక్కడ దొరుకుతుంది?”

“ఏ భారతీయ దుకాణంలోనైనా,” అన్నారు జనార్ధనరావు గారు. “ఎందుకు?”

“ఊరికే. తెలుసుకుందామని.” వ్యాపారి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. “ఆ ఛాయ రావడానికి ఎంత కాలం పడుతుంది?”

“ముప్పై తొమ్మిదేళ్లు.”

పెన్సిలు ఆగింది. “అన్నేళ్లా! ఓవెన్‌లో పెడితే తొందరగా అవదా?”

“ఏమంటున్నాడాయన?” అన్నారు సూర్యకుమారి గారు, ఓవెన్ అన్న మాట విని కంగారుపడి. జనార్ధనరావు గారు తెలుగులో చెప్పారు. సాత్విక గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. సూర్యకుమారి గారు మాత్రం నవ్వలేదు. పద్ధతి అడిగినవారికి పద్ధతిగా చెప్పడం ఆవిడ అలవాటు.

“ఓవెన్‌లో అవదని చెప్పండి. శ్రావణమాసం దాకా ఆగాలి. శుక్రవారమై ఉండాలి. అన్నిటికన్నా ముందు తలస్నానం చేయాలని చెప్పండి.”

జనార్ధనరావు గారు ఒక్క మాటైనా తగ్గించకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. వ్యాపారి అదంతా రాసుకొని, చివరి వాక్యం దగ్గర తలెత్తాడు.

“కానీ, నాణేన్ని కడగకూడదు కదా?”

“నాణెం కాదు,” అన్నారు జనార్ధనరావు గారు, పులిహోర గిన్నె ఆయన ముందుకు చాపుతూ. “మీరు.”